చిలకల అవ్వ చెప్పిన వెల

నా చిన్నప్పుడు మా ఇంట్లో చిలక పేరెత్తితే మా నాయనకు ఒళ్ళు మండేది. గురజాల ఊరి చివర మాకు కొద్దిపాటి మెట్ట పొలం ఉండేది. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు కొండవైపు నుంచి చిలకలు గుంపులు గుంపులుగా వచ్చి వాలేవి. మా నాయన మంచె మీద నిలబడి వడిసెలతో రాళ్ళు విసిరీ విసిరీ, పొద్దుగూకేసరికి భుజం పట్టేసి ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఇసుక వేయించి మూటకట్టి కాపడం పెడుతుంటే ఆయన తిట్టే తిట్లన్నీ ఆ పక్షులకే. అలాంటి ఇంట్లో పుట్టి నేను డబ్బిచ్చి చిలకను కొనాలని పట్టుబట్టాను. ఎందుకు పట్టుబట్టానో ముందు చెప్పాలి.

మా నాయనమ్మకు కళ్ళలో పొరలు కమ్మి చూపు పోయింది. పొద్దున్నే అమ్మా నాయనా చేనికి వెళ్ళిపోయేవారు, నేను బడికి. నాయనమ్మ ఒక్కతే వసారాలో నులకమంచం మీద కూర్చుని ఉండేది. చూపు లేకపోయినా ఆమెకు మనుషులంటే చెప్పలేనంత ఇష్టం. వాకిట్లో అలికిడి వినపడితే చాలు, తానే ముందు పలకరించేది. వచ్చినవాళ్ళ ఇంట్లో ఎవరికి జ్వరం, ఎవరికి నొప్పులు, ఎవరి గేదె ఈనింది అని పేరుపేరునా అడిగేది. పక్కింటి అక్క నీళ్ళబిందె దింపుకుని ఆమెతో మాట్లాడుతూ సగం పూట గడిపేసేది.

ఒకరోజు నేను బడి నుంచి వచ్చేసరికి దడి దగ్గర వీధి పిల్లలు నలుగురు నోళ్ళు మూసుకుని నవ్వుతున్నారు. లోపల నాయనమ్మ మాట్లాడుతోంది. "అట్టా నిలబడే ఉన్నావేందే, కూకో. మీ అత్తకి కీళ్ళ నొప్పులు తగ్గినయ్యా? వావిలాకు కాసి కట్టమను" అంటోంది. ఎదురుగా ఉన్నది మనిషి కాదు, ఎవరిదో మేక. అది తాపీగా చాటలో ఆరబోసిన కందులు తింటోంది. నాయనమ్మ అది నమిలే చప్పుడు వింటూ, జవాబు కోసం ముఖం ముందుకు పెట్టి నవ్వుతూ కూర్చుంది.

నేను మేకను తోలేసి, "పక్కింటి అక్క వచ్చి పోయింది నాయనమ్మా" అన్నాను. ఆమె చేత్తో తడుముకుంటూ చాటను దగ్గరకు లాక్కుంది. చాట ఖాళీగా ఉంది. దడి అవతల పిల్లలు ఇక ఆపుకోలేక నవ్వేశారు. నాయనమ్మ చాటను పక్కన పెట్టి, "వచ్చింది మనిషి కాదు గదే?" అంది.

ఆ రోజు నుంచి ఆమె ఎవరినీ ముందు పలకరించడం మానేసింది. నిజంగా మనుషులే వచ్చి నిలబడినా, వాళ్ళు నోరు విప్పేదాకా రాయిలా కూర్చునేది. కొందరు ఆమె నిద్రపోతోందనుకుని వెనక్కి వెళ్ళిపోయేవారు. ఇంట్లో ఎప్పుడూ ఉండే మాటల సందడి అణగిపోయింది. నాకప్పుడు తొమ్మిదో పదో ఏళ్ళు. ఆ మౌనాన్ని మాత్రం భరించలేకపోయాను.

ఆ రోజుల్లోనే అమ్మ నన్ను దూది ఏకించుకు రమ్మని సాయిబుల వీధికి పంపింది. దూది ఏకే ఇంటి పక్కన ఒక మట్టిమిద్దె ఉంది. దాని వాకిలి దాటుతుంటే లోపలి నుంచి, "ఎవరది?" అని వినపడింది. "నేనే" అన్నాను. మళ్ళీ "ఎవరది?" మా నాయన పేరు చెప్పాను. మళ్ళీ "ఎవరది?" ఏం చెప్పాలో తెలియక లోపలికి తొంగిచూశాను. దండెం మీద ఒక చిలక తల వంచి నా వంక చూస్తోంది. గోడవారన ఒక ముసలామె శనగలు నానబోస్తూ, "అది అడిగిద్దే గానీ ఇనదు పిల్లా" అంది.

ఆమెను ఊరంతా చిలకల అవ్వ అనేవారు. భర్త పోయాక ఆయన పెంచిన పక్షులే ఆమెకు జీవనాధారం. ఇంటి వెనక ఒక పెద్ద గది ఉంది. దాని కిటికీలకు తీగ వల బిగించి, లోపల గోడలకు తొర్రలు తొలిచిన తాటిమొద్దులు కట్టింది. చిలకల జంటలు ఆ తొర్రల్లోనే గుడ్లు పెట్టి పిల్లలను లేపేవి. రెక్కలు రాకముందే పిల్లలను తీసి, తన చేత్తో జావ తాగించి, మనిషికి మచ్చిక చేసి అమ్మేది. తలుపు చప్పుడైనప్పుడల్లా ఆమె లోపలి నుంచి "ఎవరది?" అనేది కాబట్టి, వాటిలో మాట వచ్చిన ప్రతి చిలకకూ మొదట వచ్చే మాట అదే.

ఆ చిలక మా వసారాలో ఉంటే నాయనమ్మ ఎవరి ముందూ నవ్వులపాలు కాదు కదా అన్న ఆలోచన నన్ను అక్కడే నిలబెట్టేసింది. ఎంతకిస్తావని అడిగాను. పది రూపాయలంది. తిరునాళ్ళలో చిలకలు పట్టేవాళ్ళు నాలుగణాలకే పిల్లను ఇచ్చేవారు. ఆ మాటే అన్నాను. అవ్వ కోప్పడలేదు, శనగల గిన్నె పక్కన పెట్టింది.

"వాళ్ళు కొండల్లో తొర్రలు పగలగొట్టి పిల్లల్ని లాక్కొస్తారు. బుట్టలో కుక్కుతారు. తిరునాళ్ళకి వచ్చేసరికి సగం చస్తయ్. కొన్నోళ్ళ ఇంట్లో ఇంకో సగం చస్తయ్. ఆ చచ్చినవాటి సంగతి నాలుగణాల్లో ఎవరికీ కనపడదు. బతికింది కూడా మనిషిని చూస్తే జడిసిద్ది. మాటెక్కడొచ్చిద్ది? నా దగ్గర పుట్టింది నా దగ్గరే పెరిగింది. దీనికి ఏడాదిన్నర. ఇంతదాన్ని చెయ్యడానికి ఎంతయ్యిద్దో అంతే అడుగుతన్నా."

నేను నాయనమ్మ సంగతి చెప్పాను. మేక సంగతి కూడా చెప్పాను. అవ్వ మొత్తం వింది. జాలిపడి తగ్గిస్తుందేమోనని ఆశపడ్డాను. "మీ నాయనమ్మని తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతంది పిల్లా. వెల మాత్రం అదే" అంది.

ఇంటికొచ్చి నాయనను అడిగాను. ఆయన మొదట నమ్మలేదు. నమ్మాక కంచం ముందు నుంచి లేచినంత పని చేశాడు. "చేలో రాళ్ళేసి తోలేదాన్ని ఇంట్లో రూపాయలిచ్చి మేపాల్నా? ఊళ్ళో వాళ్ళు ఇంటే నా మొహాన ఉమ్మేస్తారు" అన్నాడు. యుద్ధం రోజులవి. కిరసనాయిలు దొరికేది కాదు, గుడ్డ దొరికేది కాదు, అన్నిటి ధరలూ పెరిగిపోయాయి. ఆయన కోపంలో తప్పేమీ లేదని నాకూ తెలుసు. అయినా నా పట్టు సడలలేదు.

మర్నాడు మళ్ళీ అవ్వ దగ్గరకు వెళ్ళాను. డబ్బులు లేవు, పని చేస్తాను అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇప్పుడే కొత్త పిల్లలు గుడ్లలోంచి వస్తన్నయ్. పొద్దు పొడవక ముందే రావాల. జావ కాచాల, గది ఊడవాల, నీళ్ళు మార్చాల. శ్రావణం వచ్చేదాకా ఒక్క పొద్దు కూడా తప్పకూడదు. చేస్తావా?" అంది. చేస్తానన్నాను. "అట్టయితే ఆ చిలక నీది. శ్రావణంలో తీసుకుపో" అంది. కాగితం లేదు, చేతిలో చెయ్యి వేయడం లేదు. ఆమె అన్నది, నేను విన్నాను, అంతే.

మాఘమాసపు చలిలో మొదలుపెట్టాను. పిల్లలకు పెట్టే జావ చేయడం అవ్వ నేర్పింది. జొన్నపిండి, శనగపిండి కలిపి పలచగా కాచి, మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలి. వేడిగా ఉంటే పిల్ల గొంతు కాలుతుంది, చల్లారితే అరగదు. బాదం ఆకును దొన్నెలా మడిచి ముక్కు పక్కన పెడితే, ఈక లేని ఆ మాంసపు ముద్దలు ఒళ్ళంతా ఊపుతూ తాగేవి. మెడ కింద సంచి నిండి లోపలి జావ కనపడేది. మొదట్లో నాకు అసహ్యం వేసింది. కొన్నాళ్ళకు ఆ సంచి నిండకపోతే నా కడుపే నిండనట్టు ఉండేది. పని అయ్యాక దండెం మీది చిలకకు ఒక పచ్చిమిరపకాయ అందించి, బడికి పరుగెత్తేదాన్ని. అమ్మకు చెప్పే వెళ్ళేదాన్ని. నాయనకు తెలుసు, తెలియనట్టే ఉండేవాడు. రెండు రోజులుంటే నాకే విసుగొచ్చి మానేస్తానని ఆయన అనుకున్నాడట.

ఎండలు ముదిరాయి. ఒకరోజు చిలకల గది ఊడుస్తుంటే పైనుంచి మెత్తటి మట్టి పొడి నా జుట్టులో రాలింది. అవ్వకు చూపించాను. ఆమె కర్రతో దూలాన్ని తట్టింది. డొల్ల చప్పుడు వచ్చింది. చెదలు లోపలంతా తినేశాయి. మట్టిమిద్దె బరువు ఎంతుంటుందో ఆ ప్రాంతం వాళ్ళకు చెప్పనక్కర్లేదు. కింద నాపరాళ్ళు, పైన మూరెడు మట్టి, వాన పడితే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. కొత్త దూలం కొనడానికి అవ్వ దగ్గర ఏమీ లేదు. ఆ ఏడు పిల్లలు ఎక్కువ దక్కలేదు, దక్కినవి ఇంకా అమ్మకానికి రాలేదు. దూలం కింద ఒక గుంజ నిలబెట్టి, "ఈ ఏడు గడిస్తే చాలు" అంది.

జ్యేష్ఠంలో ఒక ఉదయం వాకిట్లో ఎద్దుల బండి ఆగింది. మాచర్ల వైపు ఊరి పెద్ద రైతు ఒకాయన దిగాడు. కూతుర్ని అత్తవారింటికి పంపుతూ ఆ పిల్లకు తోడుగా మాట్లాడే చిలకను ఇవ్వాలని ఆయన కోరిక. మంచి మనిషే. గుమ్మంలో చెప్పులు విడిచి, "అవ్వా" అని మర్యాదగా పిలిచాడు. లోపలి నుంచి నా చిలక "ఎవరది?" అంది. ఆయన మొహం వెలిగిపోయింది. ఇదే కావాలన్నాడు.

"అది అమ్ముడుపోయిందయ్యా. ఈ పిల్లది" అంది అవ్వ.

ఆయన చీపురు పట్టుకుని నిలబడ్డ నా వైపు చూశాడు. "డబ్బులిచ్చిందా?"

"పని చేస్తంది. శ్రావణానికి తీరిద్ది."

"ఇంకా తీరలేదు గదా. అందాకా నీదే గదా అవ్వా?"

"నా ఇంట్లో ఉన్నంత మాత్రాన నాదవుద్దా అయ్యా. మాటిచ్చినప్పుడే దానిదయ్యింది."

ఆయన వెల మూడింతలు చేశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. ఇంతలో ఆయన దృష్టి లోపలి గుంజ మీద పడింది. వెళ్ళి పైకి చూసి, దూలాన్ని వేలితో పొడిచాడు. పొడి రాలింది. "అవ్వా, వానలొస్తే ఇది ఉండదు. మా దొడ్లో చేవ తేలిన దూలాలున్నయ్. ఒకటి బండి మీద పంపిస్తా, మనుషుల్ని కూడా పంపిస్తా. చిలక వెల వేరే ఇస్తా" అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, బెదిరింపు లేదు. నిజంగానే పంపేవాడు.

అవ్వ కింద రాలిన పొడిని కాలితో ఒక పక్కకు నెట్టింది. చివరికి, "మీది పెద్ద మనసయ్యా. వచ్చే ఏడు ఇంకో చిలకకి మాట నేర్పి ఉంచుతా, అప్పుడు రండి. ఇది మాత్రం ఈ పిల్లది" అంది. ఆయన నిట్టూర్చి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నాకు బడిలో ఏం చెప్పారో తెలియలేదు. అన్నం సయించలేదు. మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళి, "అవ్వా, ఆయనకే ఇచ్చెయ్. నాకిప్పుడొద్దు. వచ్చే ఏడు నేర్పేదాన్ని నేను తీసుకుంటా" అన్నాను. ఎంతో త్యాగం చేస్తున్నానని నాకు లోలోపల గర్వంగానే ఉంది.

అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "నీకు నిజంగా వద్దనిపిస్తే వద్దను. మీ నాయనమ్మకి పనికిరాదంటే వద్దను. నా దూలం కోసం మాత్రం వద్దనబాక."

"మిద్దె పడిపోయిద్ది గదవ్వా."

"పడితే లేపుకుంటా. నువ్వు చలిలో వణుక్కుంటా వచ్చిన పొద్దులన్నీ నేను చూసినా. ఇంకొకడు బండెడు సొమ్ము తెచ్చినాడని నిన్ను పక్కకి జరగమంటే, రేపు నేను ఎవురికి ఏం చెప్పినా నాకే నమ్మకం ఉండదు. ఊళ్ళో వాళ్ళు ఏమీ అనుకోరు. నేననుకుంటా." అని లేచి, "జావ పెట్టు పో, పిల్లలు అరుస్తన్నయ్" అంది. ఆ సంగతి మళ్ళీ ఎత్తనివ్వలేదు.

ఆషాఢంలో ఒక సాయంత్రం ఆకాశం నల్లబడి గాలివాన వచ్చింది. మా ఇంటి తాటాకు చావడి కప్పు లేచిపోతుందేమో అనిపించింది. వాన కురుస్తున్నంత సేపూ నాకు ఆ గుంజే కళ్ళ ముందు మెదిలింది. తెల్లవారి వెళ్ళేసరికి చిలకల గది సగం కూలి ఉంది. దూలం రెండుగా విరిగి, మట్టీ రాళ్ళూ ఒక కుప్పగా పడ్డాయి. అవ్వ ఆ కుప్ప మీద కూర్చుని తాటిమొద్దులను వెలికితీస్తోంది. మబ్బు పట్టగానే పక్షులన్నిటినీ బుట్టల కింద మూసి తను పడుకునే గదిలోకి చేర్చిందట. పెద్ద జంట ఒకటి మాత్రం చేతికి చిక్కలేదు. కప్పు కూలినప్పుడు ఆ కంత లోంచి ఎగిరిపోయింది. నా చిలకకు తల్లీ తండ్రీ ఆ జంటే. ఆమె దగ్గరున్న వాటిలో ఏటా తప్పకుండా పిల్లలను లేపేది కూడా అదే.

నేను ఏడ్చాను. అవ్వ ఏడవలేదు. "కొండవైపు పోయినయ్. గింజ ఏరుకోవడం తెలవదు వాటికి. నేర్చుకుంటయ్ లే. చీపురు తీసుకో" అంది. నా మీద కోపం గానీ, ఆ రైతును కాదన్నందుకు విచారం గానీ ఆమె ముఖంలో ఎంత వెతికినా నాకు కనిపించలేదు. చేతులు మాత్రం కొద్దిగా వణుకుతున్నాయి.

ఆ రోజు రాత్రి అన్నాల వేళ, మాచర్ల వైపు రైతు రావడం దగ్గర నుంచి కప్పు కూలడం దాకా అంతా ఇంట్లో చెప్పేశాను. నాయన ముద్ద నోటి దాకా తెచ్చి ఆపాడు. ఎన్నో నెలలుగా తనంత తానుగా నోరు విప్పని మా నాయనమ్మ వసారాలోంచి మాట్లాడింది.

"ఒరేయ్, దొడ్లో ఆ వేపదూలం ఉంది గదా."

"అది గొడ్లచావడికమ్మా. రెండేళ్ళ నుంచి ఎండబెడతన్నా."

"గొడ్లు ఇంకో ఏడాది తాటాకు కింద ఉంటయ్."

"కంకులు తినే పక్షులకి నన్ను మిద్దె కట్టమంటావా?"

"పక్షులకి కాదు. నా మనవరాలికి ఇచ్చిన మాట కోసం ఆ మనిషి మిద్దె పోగొట్టుకుంది. దానికి నువ్వేం చేస్తావో చెయ్యి" అని నాయనమ్మ దుప్పటి కప్పుకుంది. నాయన అన్నం తినేసి లేచాడు.

మర్నాడు నేను అవ్వ ఇంట్లో మట్టి ఎత్తుతుండగా బండి చప్పుడు వినపడింది. మా నాయనా, పక్కింటి అక్క మొగుడూ దూలాన్ని దింపుతున్నారు. అవ్వ లేచి నిలబడింది. "ఏందబ్బాయ్ ఇది?" అంది. నాయన అటూ ఇటూ చూస్తూ, "పగిలింది అవ్వా. చావడికి పనికిరాదు. పారెయ్యలేక తెచ్చా" అన్నాడు. అవ్వ దూలం పొడుగునా చెయ్యి వేసి నిమిరి చూసింది. "పగులు ఏదీ?" అంది. "లోపలుంది" అన్నాడు నాయన. పక్కింటి అక్క మొగుడు మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు.

రెండు రోజులు పని జరిగింది. గోడ మీద దూలం ఎక్కించారు, రాళ్ళు పరిచారు, చవుడు మట్టి తెచ్చి పైన తొక్కి చదును చేశారు. అంతా అయ్యాక అవ్వ, "ఊరికే ఏదీ తీసుకునే అలవాటు లేదబ్బాయ్ నాకు. పిల్ల పని తీరిపోయింది. చిలకని ఇయాళే తీసుకుపోండి" అంది. నా ప్రాణం లేచి వచ్చింది. దండెం వైపు అడుగు వేశాను కూడా.

నాయన నా భుజం పట్టుకుని ఆపాడు. "శ్రావణం దాకా చేస్తానని చెప్పింది గదా. చెయ్యనీ అవ్వా. దూలం సంగతి నీకూ నాకూ. చిలక సంగతి నీకూ దానికీ" అన్నాడు. అవ్వ ఆయన వైపు చూసి మొదటిసారి పళ్ళు కనపడేలా నవ్వింది. నాకు ఆ క్షణాన నాయన మీద పట్టలేనంత కోపం వచ్చింది. ఇంటికి వచ్చే దారిలో ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు తెల్లవారుజామున మాత్రం ఆయనే నన్ను లేపి, "పొద్దు పొడుస్తంది, పో" అన్నాడు.

శ్రావణం వచ్చింది. చిలకను బుట్టలో పెట్టి గుడ్డ కప్పి ఇంటికి తెచ్చాను. వచ్చిన రోజు అది నోరు విప్పలేదు. మర్నాడూ విప్పలేదు. కొత్త చోటుకు బెదిరి దండెం చివర ముడుచుకుని కూర్చుంది. "పది రూపాయల మూగది" అని నాయన అటు వెళ్ళినప్పుడొకసారి, ఇటు వచ్చినప్పుడొకసారి అన్నాడు. నేను లోపల ఎంత బెంగపడ్డానో చెప్పలేను. వారం గడిచిందేమో, పక్కింటి అక్క నీళ్ళబిందెతో వాకిట్లో అడుగు పెట్టింది. "ఎవరది?" అంది చిలక. అక్క ఉలిక్కిపడి, "నేనే, పక్కింటిదాన్ని" అంది. నాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "నువ్వటే. రా, కూకో. మీ అత్తకి నొప్పులెట్టా ఉన్నయ్?" అంది.

ఆ తర్వాత మా వాకిలి తొక్కినవాళ్ళందరికీ పేరు చెప్పుకోవడం అలవాటైపోయింది. చెప్పకపోతే అది ఊరుకునేది కాదు. అడిగినా జవాబు రాలేదంటే నాయనమ్మ పక్కనున్న కర్ర అందుకునేది, "పేరు చెప్పలేదంటే మేకే" అనేది. తన మీద తానే వేసుకున్న ఆ హాస్యానికి వీధి అంతా నవ్వితే, అందరికన్నా గట్టిగా ఆమే నవ్వేది. పోయేదాకా ఆ ఇంట్లో ఆమె మాట మళ్ళీ ఆగలేదు.

అవ్వ దూలం రుణాన్ని తన పద్ధతిలోనే తీర్చుకుంది. ఆ ఏడు జొన్న పాలుపోసుకునే వేళకు ఒక ఉదయం రేకు డబ్బా, కర్ర పట్టుకుని మా చేలో ప్రత్యక్షమైంది. నాయన వద్దన్నా వినకుండా మంచె ఎక్కి, కంకులు గట్టిపడేదాకా రోజూ డబ్బా కొట్టి చిలకలను తోలింది. "మీ అబ్బ సొమ్మా ఇది? పోండి, కొండకి పోండి" అని వాటిని తిడుతుంటే, గట్టు మీద భుజం వాల్చి కూర్చున్న మా నాయన హాయిగా వింటూ ఉండేవాడు. కొన్నిసార్లు గుంపు వచ్చినప్పుడు ఆమె డబ్బా కొట్టడం ఆపి, చెయ్యి అడ్డం పెట్టుకుని ఒక్క క్షణం పరీక్షగా చూసేది. ఎగిరిపోయిన జంట కోసమేనని నాకు తెలుసు. ఆమె ఎప్పుడూ ఆ మాట అనలేదు, నేను ఎప్పుడూ అడగలేదు.

పెళ్ళయి నేను సత్తెనపల్లి వచ్చేటప్పటికి అవ్వ కాలం చేసింది. చిలక నాతో పాటు అత్తవారింటికి వచ్చింది, నా పిల్లలు పెద్దవాళ్ళయ్యేదాకా బతికింది. అవన్నీ జరిగిపోయిన సంగతులు. అయితే కొన్నేళ్ళ కింద ఒక సంగతి జరిగింది, అది చెప్పి ముగిస్తాను.

మా ఆయన పోయాక ఊరి బయట నా పేరున ఉన్న చేను అమ్మాలనుకున్నాం. దాన్ని ఎన్నో ఏళ్ళుగా కౌలుకు చేస్తున్న అబ్బాయి వచ్చి అడిగాడు. ఒక వెల అనుకున్నాం, పంట చేతికి రాగానే డబ్బు కడతానన్నాడు, సరేనన్నాను. పంట రాకముందే ఆ పక్కగా పెద్ద రోడ్డు పడుతుందని తెలిసింది. ఇంకొకరు కారులో వచ్చి, మేమనుకున్న దానికి ఎన్నో రెట్లు ఇస్తామన్నారు. మా అబ్బాయి, "కాగితం రాసుకోలేదు గదమ్మా, బయానా కూడా తీసుకోలేదు" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు. వాడికి ఆడపిల్లల చదువులున్నాయి, ఇంటి ఖర్చులున్నాయి. కౌలు అబ్బాయి కూడా సంగతి తెలిసి వచ్చి, "మీకు నష్టం వద్దు పెద్దమ్మా, నేను తప్పుకుంటా" అన్నాడు. నా కోసం తప్పుకోవద్దని అతనికి చెప్పి పంపాను. పంట వచ్చాక, అనుకున్న వెలకే రాసిచ్చాను.

మా అబ్బాయి చాలా రోజులు నాతో ముక్తసరిగా మాట్లాడాడు. అప్పుడప్పుడు ఆ దారిన ఆటోలో వెళుతుంటాను. రోడ్డు పడింది, చుట్టూ దుకాణాలు లేచాయి, ఆ చేను ఇప్పుడు ఎంత పలుకుతుందో నాకు బాగా తెలుసు. అది చూసినప్పుడల్లా మనసు చివుక్కుమనదని చెబితే అబద్ధమవుతుంది. మాట నిలబెట్టుకున్నవాళ్ళకు ఏ బాధా ఉండదనుకునేదాన్ని చిన్నతనంలో. అలా కాదు. బాధ ఉంటుంది, నష్టం ఉంటుంది, చేతులు వణుకుతాయి. అయినా మర్నాడు పొద్దున్నే లేచి మన పని మనం చేసుకోవచ్చు. ఎవరు ఎదురొచ్చినా తల దించుకోనక్కర్లేదు.

మొన్న మా పెద్ద మనవరాలు, "నాయనమ్మా, అంత సొమ్ము పోయిందని నీకు ఎప్పుడూ అనిపించలేదా?" అని అడిగింది. అనిపించిందన్నాను. మళ్ళీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావంది. ఆ కౌలు అబ్బాయికే ఇస్తానన్నాను.